ఆ జ్యూరీ బెంచీ మీద మనమూ ఉన్నాం

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఫోర్సైత్ కౌంటీ, ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్ చుట్టుపక్కల తెలుగు సంఘాల పెద్దలకు, తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను మీకు కొత్త కాదు. ఉగాది రోజున పచ్చడి గ్లాసులు అందించే ఆడవాళ్ల వరసలో ఉంటాను. ఆదివారం పొద్దున తెలుగు బడిలో చిన్నపిల్లలకు గుణింతాలు దిద్దిస్తాను. మీలో చాలామంది ఇళ్లలో భోజనం చేశాను, మీరూ మా ఇంట్లో చేశారు. కాబట్టి బయటి మనిషెవరో వేలు చూపిస్తున్నారని అనుకోకండి. ఇందులో మొదటి తప్పు నాదే. అది ముందు చెప్పుకుని మిగతాది తర్వాత రాస్తాను.

కిందటి అక్టోబరులో ఒక సాయంత్రం ఏడు కావస్తోంది. మా సబ్‌డివిజన్ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎవరో డోర్‌బెల్ కెమెరా ఫొటో పెట్టారు. హుడీ వేసుకున్న పొడుగాటి కుర్రాడు, చేతిలో ఏదో ఫైలు లాంటిది, ఇళ్ల నంబర్లు చూసుకుంటూ నడుస్తున్నాడు. కింద ఒక మాట: "నల్లోడు ఎవడో తిరుగుతున్నాడు, గరాజ్ డోర్లు చూసుకోండి." పది నిమిషాల్లో ముప్పై మెసేజీలు. ఒకరు పోలీసులకి ఫోన్ చేద్దామన్నారు. ఇంకొకరు "వీళ్లు పగలు చూసుకుని రాత్రి వస్తారు" అన్నారు. నేను పప్పుకి తాలింపు పెడుతూ ఆ మాటకి బొటనవేలు గుర్తు పెట్టాను. మరుక్షణమే మా బెల్ మోగింది.

తలుపు సగం తెరిచాను. ఆ కుర్రాడే. మా అమ్మాయితో పాటు స్కూల్ బ్యాండ్‌లో ట్రాంబోన్ వాయిస్తాడట. మా అమ్మాయి మ్యూజిక్ ఫోల్డర్ బ్యాండ్ రూములో మర్చిపోయింది, మర్నాడు పొద్దున్నే టెస్టు ఉంది కదా అని తెచ్చి ఇచ్చాడు. ఇంటి నంబరు సరిగ్గా గుర్తులేక నాలుగిళ్లు తిరిగాడు. ఫోల్డర్ అందుకుని "థాంక్యూ" అని తలుపు వేసేశాను. లోపలికి రా నాన్నా అనలేదు. మంచినీళ్లు తాగుతావా అని అడగలేదు. మా ఇంటికి ఏ పిల్లలొచ్చినా చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా పంపని మనిషిని. వెనక్కి తిరిగేసరికి మా అమ్మాయి మెట్ల మీద నిలబడి ఉంది. నా ఫోను స్టవ్ పక్కన తెరిచే ఉంది. అది అంతా చదివింది. ఏమీ అనకుండా పైకి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే దానికి తొమ్మిదో తరగతి ఇంగ్లిష్‌లో హార్పర్ లీ నవల "టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్" పాఠంగా నడుస్తోంది. మీ పిల్లల్లో కూడా చాలామంది చదివే ఉంటారు, లేదా చదవబోతారు. 1960లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ అందుకుంది. నేను సినిమా చూశాను గానీ పుస్తకం చదవలేదు. మా అమ్మాయి మాట్లాడటం తగ్గించేసిన ఆ రోజుల్లో, అది ఏం చదువుతోందో తెలుసుకుందామని దాని వెనకాలే ఒక్కో అధ్యాయం చదువుకుంటూ వెళ్లాను.

కథ చాలామందికి తెలిసిందే, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. 1930ల్లో అలబామాలో మేకోంబ్ అనే చిన్న ఊరు. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మీద ఒక తెల్లమ్మాయి అత్యాచారం నేరం మోపుతుంది. ఆ అమ్మాయి ముఖానికి కుడివైపు దెబ్బలున్నాయి, అంటే కొట్టినవాడు ఎడమచేతి వాటం మనిషి అయ్యుండాలి. టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తి జిన్ను మిషన్లో పడి చచ్చుబడిపోయింది. ఆ అమ్మాయి తండ్రిది ఎడమచేతి వాటం. లాయర్ ఆటికస్ ఫించ్ ఇదంతా కోర్టులో కళ్లకు కట్టినట్టు చూపిస్తాడు. అయినా తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు మనుషుల బృందం, అంటే జ్యూరీ, టామ్‌నే దోషి అంటుంది. తర్వాత జైలు కంచె ఎక్కి పారిపోబోయాడని అతన్ని కాల్చేస్తారు. ఒంట్లో పదిహేడు తూటాలు.

నన్ను పట్టుకుని వదలనిది కథ కాదు, అందులోని చిన్న చిన్న సంగతులు. కోర్టులో టామ్‌ని అడుగుతారు, కూలి తీసుకోకుండా ఆ అమ్మాయికి పనులెందుకు చేసిపెట్టావని. ఆ పిల్లని చూస్తే జాలేసింది అంటాడు. అంతే, కోర్టు హాలు మొత్తం బిగుసుకుపోతుంది. అతను కొంప ముంచుకున్నది ఆ మాటతోనే. నల్లవాడు తెల్లమనిషి మీద జాలిపడటమా! కింద ఉండాల్సినవాడు ఒక్క క్షణం పైన నిలబడి చూశాడు, అది వాళ్లు భరించలేకపోయారు. మన పల్లెల్లో చెప్పులేసుకుని వీధిలోంచి నడిచాడనో, ఎదురుగా మంచం మీద కూర్చున్నాడనో జరిగిన గొడవలు తెలిసినవాళ్లకి ఈ ముక్క విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. తీర్పు చెప్పడానికి జ్యూరీ లోపలికి వస్తున్నప్పుడు వాళ్లలో ఒక్కరూ టామ్ వైపు చూడరు. దోషి అని తేల్చిన జ్యూరీ ముద్దాయి మొహం చూడదని అదంతా గమనిస్తున్న ఆటికస్ కూతురు, చిన్నపిల్ల స్కౌట్‌కి తెలుసు. అది చదివి పుస్తకం మూసేశాను. మా గుమ్మంలో నిలబడ్డ ఆ కుర్రాడి మొహం ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. హుడీ రంగు గుర్తుంది, ఫోల్డర్ గుర్తుంది. మొహం చూడలేదు.

ఆ జ్యూరీలో ఉన్నది రాక్షసులు కాదు. ఎండకి కమిలిన చర్మంతో పొలాల మీంచి వచ్చిన రైతులు. పెళ్లాం పిల్లలున్నవాళ్లు, ఆదివారం చర్చికెళ్లేవాళ్లు, అప్పు తీసుకుంటే మాట తప్పకుండా తీర్చేవాళ్లు. అచ్చం మా నాన్న లాంటివాళ్లు. ఈ పుస్తకం చదివినవాళ్లందరం మనసులో ఆటికస్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాం. మన పిల్లలు కూడా "మోరల్ కరేజ్" అని వ్యాసం రాసి నూటికి తొంభై అయిదు తెచ్చుకుంటారు, మనం స్టేటస్‌లో పెట్టుకుంటాం. కానీ మనింట్లో రోజూ దొర్లే మాటలు మనల్ని ఏ బెంచీ మీద కూర్చోబెడుతున్నాయి?

నవల చివరి భాగంలో ఒక టీచరమ్మ ఉంటుంది, మిస్ గేట్స్. హిట్లర్ యూదుల్ని ఎలా హింసిస్తున్నాడో క్లాసులో చెప్పి, మన దేశంలో అలాంటి వివక్ష లేదు, మనది ప్రజాస్వామ్యం అంటుంది. కానీ టామ్ కేసు రోజు కోర్టు మెట్లు దిగుతూ అదే మనిషి పక్కావిడతో అన్న మాటలు స్కౌట్ చెవిన పడ్డాయి. వీళ్లకి ఎవరో ఒకరు బుద్ధి చెప్పాల్సిందే, మరీ నెత్తికెక్కుతున్నారు, ఇలా వదిలేస్తే రేపు మనల్ని పెళ్లి చేసుకుంటామంటారు అని. ఈ అధ్యాయం దగ్గర మా అమ్మాయి చాలా రోజుల తర్వాత నోరు విప్పింది. "అమ్మా, పోయిన దీపావళికి ఆంటీలందరూ కిచెన్లో అన్నది ఇదే కదా?"

ఏమన్నామో నాకు గుర్తుంది. మీకూ గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే ఆ మాట ఒక్క మా ఇంట్లోనే కాదు, ఈ చుట్టుపక్కల వంద ఇళ్లలో వినిపిస్తుంది. "ఈ దేశంలో పెరుగుతున్నారు, మనం అనుకున్నట్టే చేసుకోవాలంటే ఎక్కడ కుదురుతుంది? మనవాళ్లయితే సంతోషం. లేదంటే నార్త్ ఇండియన్ అయినా పర్లేదు, తెల్లవాడైనా సర్దుకుంటాం. నల్లవాణ్ణి మాత్రం తేవద్దు." అందరం తలూపాం. పిల్లలు పక్క గదిలో ఉన్నారు. మా అమ్మాయి ఇంకో మాట కూడా అంది. "ఆంటీలు ఈ లిస్టు చెప్పేటప్పుడు గొంతు కూడా తగ్గించరమ్మా."

ఈ మాట ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది కాదు. మా ఊళ్లో, తెనాలి దగ్గర, మా నాయనమ్మ పెరటి గూట్లో పాలేళ్ల కోసం వేరే గ్లాసు ఉండేది. టీ పోసేటప్పుడు గ్లాసుకి చెయ్యి తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోసేది. మా నాయనమ్మ చెడ్డదని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఆ పాలేరు కూతురి పెళ్లికి చీర కొనిచ్చింది, జ్వరమొస్తే మందు తెప్పించింది. గ్లాసు మాత్రం గూట్లోనే ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇంట్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం గుర్తుంది. ప్రత్యేక కోర్టు 2007లో 56 మందికి శిక్ష వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నవలలో తీర్పు వచ్చాక ఆటికస్ కొడుకు జెమ్ ఇదెలా సాధ్యమని వెక్కివెక్కి ఏడుస్తాడు. మా ఇంట్లో పిల్లలం అలా ఎందుకు ఏడవలేదా అని ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇప్పుడు మనం ఇళ్లు కట్టుకున్న ఈ నేల సంగతి. ఈ ఉత్తరం మరే ఊరివాళ్లకో కాకుండా మీకే రాయడానికి కారణం ఇదే.

ఇల్లు కొనేముందు మనం అన్నీ చూసుకున్నాం. తూర్పు ముఖమా కాదా, స్కూల్ రేటింగ్ ఎంత, మనవాళ్లు ఎంతమంది ఉన్నారు, దోసె పిండి దొరికే కొట్టు ఎంత దూరం. ఈ కౌంటీలో ఒకప్పుడు ఎవరుండేవాళ్లని మాత్రం అడగలేదు. 1912లో ఫోర్సైత్ కౌంటీలో దాదాపు 1,100 మంది నల్లజాతివాళ్లు ఉండేవారు. సొంత పొలాలున్నవాళ్లు, చర్చిలు కట్టుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఒక తెల్లమ్మాయి మీద దాడి జరిగింది, ఆ అమ్మాయి తర్వాత చనిపోయింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి పట్టుకుని కౌంటీ ముఖ్యపట్టణం కమ్మింగ్‌లో జైల్లో పెడితే, గుంపు జైలు పగలగొట్టి అతన్ని చంపి, మనం వీకెండ్లో కాఫీకి వెళ్లే ఆ డౌన్‌టౌన్‌లోనే స్తంభానికి వేలాడదీసింది. అదే దాడి కేసులో పట్టుకున్న ఎర్నెస్ట్ నాక్స్‌కి 16 ఏళ్లు, ఆస్కార్ డేనియల్‌కి 18. ఆ ఇద్దరికీ హడావుడిగా విచారణ జరిపి అక్టోబరు 25న వేల మంది చూస్తుండగా ఉరి తీశారు. దాంతో ఆగలేదు. రాత్రిళ్లు గుర్రాల మీద వచ్చి చర్చిలు తగలబెట్టారు, ఇళ్ల మీద కాల్పులు జరిపారు. కొన్ని నెలల్లోనే నల్లజాతి జనమంతా, పండిన పంటనీ పశువుల్నీ వదిలేసి, కట్టుబట్టలతో కౌంటీ దాటి వెళ్లిపోయారు. వాళ్ల భూముల్లో చాలా వాటిని పక్కవాళ్లు కలిపేసుకున్నారు. ఆ తర్వాత డెబ్బై అయిదేళ్ల పాటు ఇది తెల్లవాళ్ల కౌంటీగానే ఉండిపోయింది. 1987 జనవరిలో పౌరహక్కుల ఉద్యమకారుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో చిన్న ఊరేగింపు వస్తే రాళ్లు, సీసాలు విసిరారు. వారం తిరిగేసరికి ఇరవై వేల మంది వచ్చి నడిచారు. అది జరిగి నలభై ఏళ్లు కూడా కాలేదు. మనలో చాలామంది అప్పటికి పుట్టే ఉన్నాం.

2020 జనగణన నాటికి ఈ కౌంటీ జనాభా రెండున్నర లక్షలు. అందులో దాదాపు అయిదో వంతు మన ఆసియావాళ్లమే. నల్లజాతివాళ్లు నూటికి నలుగురో అయిదుగురో. "ఈ ఏరియా సేఫ్, మంచి క్రౌడ్" అని మనం ఇండియా నుంచి వచ్చే బంధువులకి చెప్పుకుంటాం. ఆ మంచి క్రౌడ్ ఎలా తయారైందో వాళ్లకి చెప్పం, ఎందుకంటే మనకే తెలియదు. 2021లో డౌన్‌టౌన్ కమ్మింగ్‌లో రాబ్ ఎడ్వర్డ్స్ హత్య గురించి ఒక ఫలకం నిలబెట్టారు. నేను ఎన్నోసార్లు ఆ దారిన పోయాను, ఒక్కసారీ ఆగి చదవలేదు. మా అమ్మాయే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించింది.

శీతాకాలం సెలవుల్లో మేమిద్దరం అలబామా వెళ్లాం. మాంట్‌గమరీలో 2018లో కట్టిన స్మారకం ఉంది. జాతి పేరుతో గుంపులు చంపేసిన 4,400 మందికి పైగా మనుషుల కోసం కట్టారు. హత్యలు జరిగిన ఒక్కో కౌంటీకి ఒక్కో ఉక్కు స్తంభం, మొత్తం ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. మొదట్లో అవి మన ఎత్తులోనే నిలబడి ఉంటాయి, పేర్లు ఎదురుగా చదువుకోవచ్చు. నడుస్తున్నకొద్దీ కింద నేల వాలుగా దిగుతుంది, స్తంభాలు మాత్రం అక్కడే ఉంటాయి. కాసేపటికి అవన్నీ మన తలల మీద వేలాడుతుంటాయి. మెడ వెనక్కి వాల్చి చదవాలి. మా అమ్మాయి ఫోర్సైత్, జార్జియా అని రాసున్న స్తంభం వెతికి పట్టుకుంది. మా ఇల్లున్న కౌంటీ పేరు అక్కడ, ఆ ఉక్కు మీద. చాలాసేపు కిందే నిలబడ్డాం.

అక్కణ్ణుంచి మన్రోవిల్ వెళ్లాం. హార్పర్ లీ పుట్టి పెరిగిన ఊరు, నవలలోని మేకోంబ్‌కి అదే మూలం. పాత కోర్టు ఇప్పుడు మ్యూజియం. నల్లజాతివాళ్లని కింద కూర్చోనివ్వని రోజుల్లో వాళ్లు కూర్చున్న పై బాల్కనీ అలాగే ఉంది. ఏటా వసంతంలో ఊరివాళ్లే ఆ నవలని నాటకంగా వేస్తారు. అయితే అదే ఊళ్లో 1986లో ఒక తెల్లమ్మాయి హత్య జరిగింది. వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషిని పట్టుకున్నారు. చెట్లు కొట్టి కలప అమ్ముకునేవాడు. హత్య జరిగిన సమయానికి అతను ఇంటి దగ్గరే ఉన్నాడు, చర్చి కోసం చేపలు వేయించి అమ్ముతున్నారు, చూసినవాళ్లు ఎంతోమంది. వాళ్లంతా నల్లజాతివాళ్లు, కాబట్టి వాళ్ల సాక్ష్యం చెల్లలేదు. 1988లో పదకొండు మంది తెల్లవాళ్లు, ఒక్క నల్లజాతి మనిషి ఉన్న జ్యూరీ రెండు రోజులు తిరక్కుండా దోషి అని తేల్చింది. జ్యూరీ యావజ్జీవం చాలంటే జడ్జి దాన్ని మరణశిక్షగా మార్చాడు. లాయర్ బ్రయాన్ స్టీవెన్‌సన్ ఏళ్ల తరబడి పోరాడి, సాక్ష్యం అబద్ధమని తేల్చి, 1993 మార్చిలో అతన్ని బయటికి తెచ్చాడు. అప్పటికి ఆరేళ్లు మరణశిక్ష ఖైదీల గదుల్లో గడిచిపోయాయి. ఆటికస్‌ని చూసి గర్వపడే ఊరే, తన మధ్య బతుకుతున్న టామ్ రాబిన్సన్‌ని గుర్తుపట్టలేకపోయింది. నవల చదివినంత మాత్రాన మనిషి మారడని నాకు ఆ కోర్టు బాల్కనీలో కూర్చున్నప్పుడు అర్థమైంది.

ఆ నవలకీ లోటుందని మా అమ్మాయి అంటుంది, నిజమే. అంతా తెల్ల కుటుంబం కళ్లతోనే చూస్తాం. టామ్ ఇంట్లో ఆ రాత్రుళ్లు ఏం మాట్లాడుకున్నారో చెప్పే పేజీ ఒక్కటీ లేదు. ఇది చదివితే చాలని నేను అనడం లేదు.

"కాలం మారింది, ఇదంతా పాత కథ" అనేవాళ్లకి మన జార్జియాలోనే జరిగింది చెప్తాను. 2020 ఫిబ్రవరి 23న బ్రన్స్‌విక్ దగ్గర అహ్మద్ ఆర్బరీ అనే పాతికేళ్ల కుర్రాడు పట్టపగలు పరుగెత్తుకుంటూ వెళ్తుంటే, ముగ్గురు తెల్లవాళ్లు ట్రక్కుల్లో వెంటాడారు. వాళ్లలో ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. దొంగ అనుకున్నామన్నారు. వీడియో బయటికొచ్చేదాకా, రెండు నెలల పైన, ఒక్క అరెస్టూ లేదు. ఆ తర్వాతే మన రాష్ట్రానికి ద్వేష నేరాల చట్టం వచ్చింది. 2021 నవంబరులో పదకొండు మంది తెల్లవాళ్లు, ఒక్క నల్లజాతి మనిషి ఉన్న జ్యూరీయే ఆ ముగ్గురినీ దోషులంది. మెక్‌మిలియన్‌కి శిక్ష వేసినప్పుడు ఉన్న లెక్కే, తీర్పు మాత్రం వేరు. జ్యూరీ మారగలదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కాలనీలో ముందు తిరిగింది అనుమానం, తుపాకీ తర్వాత వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రం తిరిగింది కూడా అదే అనుమానం. ఎవరైనా నిజంగా పోలీసులకి ఫోన్ చేసుంటే, మ్యూజిక్ ఫోల్డర్ చేతిలో పట్టుకున్న ఆ పిల్లాడికి ఏమైనా జరగరానిది జరిగుంటే, నా బొటనవేలు గుర్తుకి నేనేం సమాధానం చెప్పుకునేదాన్ని?

మీరు అనబోయేది నాకు తెలుసు. మన పిల్లలు గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో రాత్రి షిఫ్టులు చేస్తూ దోపిడీల్లో కాల్పులకి బలైపోయారు. ఆ శవపేటికల కోసం చందాలు వేసుకున్నాం, హైదరాబాద్‌లో ఆ తల్లుల ఏడుపు ఫోన్లో విన్నాం. ఆ భయం నిజమైంది, దాన్ని ఎవరూ కాదనలేరు. కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కి రాత్రి ఒంటరిగా తిరగొద్దని చెప్పడంలో తప్పేమీ లేదు. కానీ 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలాతేలో మన తెలుగు ఇంజనీరుని కాల్చి చంపినవాడు తెల్లవాడు. మా దేశం నుంచి పొండి అని అరిచి మరీ కాల్చాడు. మనమంతా కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. ఆ తర్వాత మనలో ఎవరైనా "తెల్లవాళ్ల ఏరియాల్లో ఇల్లు తీసుకోవద్దు" అని గ్రూపుల్లో పెట్టారా? పెట్టలేదు. ఒకడు చేసిన నేరం ఒక రంగుకి అంటుకుంటోంది, ఇంకో రంగుకి అంటుకోవడం లేదు. ఆ తేడా మన బుర్రలో ఉంది.

పైగా మనం ఈ దేశానికి రాగలిగిందే వాళ్ల పోరాటం వల్ల. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన, అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. ఆర్యుణ్ని, పై కులంవాణ్ని, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని ఆయన తరఫున వాదించారు. కాదు పొమ్మంది కోర్టు. మనవాళ్లని పౌరులు కానిచ్చిన 1946 చట్టం తర్వాత కూడా ఇండియా నుంచి ఏడాదికి వంద మందినే రానిచ్చేవారు. నల్లజాతివాళ్లు కుక్కల కాట్లు, లాఠీ దెబ్బలు తిని 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం తెచ్చుకున్నారు. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారింది, దేశాల వారీ కోటాలు పోయాయి, మన డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు. 1923లో తెల్లవాళ్ల బెంచీ మీద చోటు అడిగి లేదనిపించుకున్నాం. మనకి దారి తెరిచినవాళ్లని చూసి ఇప్పుడు గరాజ్ తలుపులు దించుకుంటున్నాం.

సంఘాల పెద్దలారా, మిమ్మల్ని అడిగేవి పెద్ద కోరికలేం కావు. సంక్రాంతికీ ఉగాదికీ మన కార్యక్రమాలు ఇదే కౌంటీ స్కూళ్ల ఆడిటోరియాల్లో జరుగుతాయి. వేదిక మీద దీపం వెలిగించి, సినిమా పాటలకి ముందు, ఒక్క పది నిమిషాలు 1912లో ఇక్కడ ఏం జరిగిందో పిల్లల చేత చెప్పించండి. తెలుగులోనే చెప్పించండి, నాయనమ్మలూ తాతయ్యలూ వింటారు. ఆనాడు వెళ్లగొట్టిన కుటుంబాల వారసులు జార్జియాలోనే ఉన్నారు, పిలిస్తే వస్తారు. ఒక ఏడాది ముఖ్య అతిథిగా సినిమా హీరో బదులు వాళ్లలో ఒక పెద్దావిడని పిలుద్దాం.

స్టూడెంట్ల కోసం మీరు నడిపే ఓరియెంటేషన్ మీటింగుల్లో "నల్లోళ్ల ఏరియా" అనే మాట మానేయండి. ఏ వీధిలో దోపిడీలు జరిగాయో చెప్పండి, ఏ టైములో జాగ్రత్తగా ఉండాలో చెప్పండి, చాలు. నల్లజాతివాళ్లని హీనంగా పిలిచే "కల్లుగాళ్లు" అనే మాట మన కుర్రాళ్ల నోళ్లలో ఎంత తేలిగ్గా దొర్లుతోందో ఒకసారి చెవి పెట్టి వినండి. ఆ మాట విన్నప్పుడు మనం నవ్వి ఊరుకుంటున్నాం.

అక్కలకి ఒక మాట. వంటింట్లో ఆ పెళ్లిళ్ల లిస్టు ఇకమీదట నా ముందు చదవకండి. చదివితే మీ ఇంట్లో విస్తరి ముందు నుంచైనా లేచి నిలబడతాను. అది చెప్పడానికి కూడా నాకు టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే మీరే నాకు ఇక్కడ పుట్టింటివాళ్లు.

ఆ కుర్రాణ్ణి నేను మళ్లీ కలిశాను. డిసెంబరులో స్కూల్ బ్యాండ్ కచేరీ అయ్యాక వాళ్లమ్మతో నిలబడి ఉన్నాడు. ఆవిడ నర్సు, డ్యూటీ నుంచి సరాసరి వచ్చినట్టుంది, ఒంటి మీద ఆస్పత్రి బట్టలే ఉన్నాయి. ఆ సాయంత్రం ఏం జరిగిందో, నేను ఏ మెసేజీకి ఏ గుర్తు పెట్టానో అన్నీ ఆవిడకి చెప్పాను. క్షమించమని అడిగాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, చీకటి పడ్డాక తెలియని వీధిలోకి వెళ్లేటప్పుడు హుడీ టోపీ వేసుకోవద్దని, చేతులు జేబులో పెట్టుకోవద్దని, ఎవరైనా ఆపితే పరుగెత్తొద్దని కొడుక్కి పదేళ్ల వయసు నుంచీ చెప్తూనే ఉందట. ఆ రోజు ఫోల్డర్ ఇచ్చొస్తానంటే తనే కారులో తీసుకొచ్చి మా వీధి చివర ఆగి కూర్చుందట. వాడు మా గుమ్మం దిగి కారెక్కేదాకా ఇంజన్ ఆపలేదట.

మార్చి రెండో శనివారం మళ్లీ మాంట్‌గమరీ వెళ్తున్నాం. పొద్దున ఆరింటికి బయల్దేరితే మూడున్నర గంటల దారి. అలబామా టైము మనకంటే గంట వెనక కాబట్టి తీరుబడిగా చూడొచ్చు. మా వ్యాన్‌లో ఇంకా నాలుగు సీట్లున్నాయి. పులిహోర, పెరుగన్నం నేను తెస్తాను. మీ పిల్లల్ని పంపండి. వీలైతే మీరే రండి.

మీ,
తెలుగు బడి టీచరమ్మ,
కమ్మింగ్, ఫోర్సైత్ కౌంటీ, జార్జియా